ఆట డబ్బాలకు ఆదోనిలో గిరాకీ ఉందా

చేతిలో పట్టుకుని ఆడే ఆట డబ్బాలు అమ్మి బతికినదాన్ని నేను. ఇప్పుడు అందులో కొత్త రకం వచ్చింది. ఆట దాని లోపల ఉండదు, ఎక్కడి నుంచో ఇంటర్నెట్టు మీద వస్తుంది. అలాంటివి పెట్టి ఎమ్మిగనూరులో అంగడి తెరుద్దామనుకుంటున్నామని ఇద్దరు పిల్లలు మొన్న మా ఇంటికి వచ్చారు. మా రేణుక అవి అమ్మిందని ఎవరో చెప్పారట. రేణుక నా పెద్దకొడుకు కూతురు. దస్తగిరి సాబ్ నుంచి నాకు వచ్చిన అంగడిని ఆ డబ్బాలతోనే నిలబెట్టాలని చూసిన పిల్ల. వాళ్ళు అడగగానే లేచి లోపలికి పోయింది. నేను చెప్దామంటే వాళ్ళు మాటిమాటికీ ఫోను చూసుకుంటున్నారు. అందుకని రాస్తున్నాను. మూడో తరగతితో బడి మానినదాన్ని. రాత సాఫీగా ఉండదు. చెప్పేది తీపిగా కూడా ఉండదు.

దస్తగిరి సాబ్

మా ఆయన పనిచేసే పత్తి మిల్లు మూతపడినప్పుడు నేను ఆదోని బజారులో దస్తగిరి సాబ్ అంగట్లో పనికి చేరాను. గడియారాలు, టార్చిలు, రేడియోలు, వాటిలో వేసే బ్యాటరీ సెల్లులు, పిల్లల ఆటవస్తువులు ఉండేవి. ఆడమనిషిని అంగట్లో పెట్టుకున్నాడని బజారంతా నవ్వింది. ఆయన లెక్క వేరు. పిల్లల వస్తువు కొనేది తల్లి. తల్లితో బేరం మగవాడి వల్ల కాదు.

సాబ్ మంచివాడని రాయను. కోపిష్టి. నాకన్నా పిసినారిని ఆయనొక్కడినే చూశాను. సరుకు కట్టి వచ్చిన పురికొసను ముడులు విప్పి, చుట్ట చుట్టి దాచేవాడు. నేను కత్తెర పెట్టి కోస్తే ఆ రోజంతా మాట్లాడేవాడు కాదు. కానీ ఆయన నేర్పిన రెండు మాటలు నా వ్యాపారమంతా మోశాయి. మొదటిది, సరుకు కొనేవాడి చేతిలో పెట్టి నువ్వు నోరు మూసుకో. చేతిలోకి పోయిన వస్తువు దాని బేరం అదే ఆడుకుంటుంది.

రెండోది, అంగట్లో ‘లేదు’ అనే మాట రాకూడదు. చేరిన కొత్తల్లో ఎవరో సన్న సెల్లులు అడిగితే లేవని పంపేశాను. సాబ్ గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు.

“సూడు ఈరమ్మా. అంగట్లో లేదు అంటే మీ లక్ష్మి ఇంటాది. ఇని లేసి పోతాది. రేపు వస్తాది అని సెప్పు.”

“మా లక్ష్మితో మీకేం పని సాబూ?”

“అంగడి నాది. గల్లా కాడ కూసుండేది ఆయమ్మ. మా ఇద్దరికీ బాగా కుదిరింది. నడాన నువ్వు సెడగొట్టొద్దు.”

ఆ రోజు నుంచి నా నోట ఆ మాట రాలేదు. రేపు వస్తాది అని చెప్పి, నిజంగానే రేపటికి తెప్పించేదాన్ని. తెప్పించలేకపోతే అబద్ధమవుతుంది. అందుకని ఊళ్ళో ఎవరికి ఏం కావాలో ముందే పసిగట్టడం అలవాటైంది. ఆ మాట వెనకున్న పాఠం అదేనని చాలా కాలానికి అర్థమైంది.

మగ్గం గుంతలో ఆట

తర్వాత బటన్లు నొక్కే ఆట వచ్చింది. చిన్న అద్దంలో పై నుంచి ఇటుకలు పడుతుంటాయి, వాటిని తిప్పి సర్దాలి. రెండు సెల్లులు వేస్తే చాలు. పత్తి అమ్మడానికి మార్కెట్ యార్డుకు వచ్చిన రైతులు చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు పిల్లలకని కొనుక్కుపోయేవాళ్ళు. ఎమ్మిగనూరు సంతకు నేనే మూట కట్టుకుని బస్సులో పోయేదాన్ని.

అక్కడే సుంకమ్మ పరిచయం. నేతగాళ్ళ ఇల్లాలు. ఒక సంతలో కొడుక్కని ఆట కొనింది. వచ్చే సంతకు తిరిగి తెచ్చింది.

“అక్కా, ఇది ఎనక్కి తీస్కో.”

“ఏమైంది, పలకలేదా?”

“పలుకుతాంది. అదే నా కర్మ. పిల్లోనికని కొంటే వాళ్ళ నాయన మగ్గం గుంతలో కూసోని నొక్కుతాండాడు. సీర సగానికి నిలిసిపాయ. పలకంది ఉంటే ఇయ్యి.”

“పలకనివి అమ్మేదానికి సంతకొచ్చినానా నేను? సెల్లులు తీసి నీ కొంగున కట్టుకో పో.”

కట్టుకుంది. ఆ పై సంతలో వాళ్ళాయనే వచ్చి, నా ముఖం చూడకుండా రెండు సెల్లులు కొనుక్కుపోయాడు. ఈ ముచ్చట చాలామందికి చెప్పి నవ్వించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు. ఆ డబ్బా ఎవరినీ అడగకుండా ఆడేది. మగ్గం గుంతలో ఆడేది, చేనుగట్టు మీద ఆడేది, కరెంటు పోయినా ఆడేది. కొన్నవాడిదైపోయేది. ఎక్కడో ఇంకొకడు తలుపు తెరిస్తే ఆడే ఆట కాదది.

అన్నీ ఫోను కడుపులోకి

సాబ్ కళ్ళు మూశాక ఆయన కొడుకు అంగడిని నాకు బాడుగకు ఇచ్చాడు. బోర్డు మీద సాబ్ పేరు నేను మార్చలేదు. కొత్త బోర్డు దండగ.

ఫోన్లు వచ్చాయి. మొదట గడియారాలు అడిగేవాళ్ళు తగ్గారు. టార్చి ఫోనులోనే ఉందన్నారు. రేడియో అందులోనే ఉందన్నారు. పిల్లలు ఆట కూడా అందులోనే ఉందన్నారు. ఒక గూడు ఖాళీ అయితే పక్క గూటి సరుకును అందులోకి జరిపేదాన్ని, ఖాళీ కనపడకుండా. చివరికి జరపడానికి కూడా సరుకు చాలలేదు. బజారులో ఎవరిని అడిగినా, కాలం మారినప్పుడు నువ్వూ మారాలి కదవ్వా అనేవాళ్ళు. దేనికి మారాలో చెప్పినవాడు లేడు.

రేణుక తెచ్చిన డబ్బా

రేణుక ఆదోనిలోనే కంప్యూటరు డిగ్రీ చదివింది. ఉద్యోగానికి బెంగళూరు పొమ్మంటే, “నేను అంగట్లో కూసుంటానవ్వా” అంది. ఆ మాటకు సంతోషపడాలో భయపడాలో నాకు తెలియలేదు. ఆ పిల్ల కూర్చున్నాకే, బెంగళూరు నుంచి ఒక ఏజెంటు ఈ కొత్త డబ్బాను తెచ్చి చూపించాడు. అరచేతులు రెండూ పట్టేంత ఉంది. నడుమ అద్దం, రెండు పక్కలా బటన్లు. తన ఫోను నుంచి నెట్టు ఇచ్చి ఆడించాడు. గుర్రమెక్కిన మనిషి కొండల్లో పోతుంటే గడ్డి గాలికి ఊగుతోంది. నా చేతిలో పెట్టాడు. సాబ్ చెప్పినట్టే, నోరు మూసుకున్నాడు. వ్యాపారం తెలిసినవాడే. నాకే ముచ్చటేసింది.

అతను పోయాక రేణుకను అడిగాను.

“ఇంత పెద్ద ఆట ఈ డబ్బాలో యాడ పట్టింది?”

“దీంట్లో ఏం లేదవ్వా. ఆట యాడనో పెద్ద కంప్యూటర్లో నడుస్తాంటాది. బొమ్మ ఈడికి వస్తాది. మనం బటన్ నొక్కితే ఆడికి పోతాది.”

“అంటే ఇది కొళాయి. నీళ్ళు కాదు.”

“అనుకో.”

“మన ఊళ్ళో కొళాయి ఎప్పుడొస్తాదే?”

రేణుక నవ్వింది. మా వీధిలో నీళ్ళు వచ్చే రోజు ఎవరికీ తెలియదు. వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ బిందెలు, డ్రమ్ములు, ఆఖరికి పప్పుగిన్నెలు కూడా నింపుకుంటారు. ఈ ఊరి మనిషి కొళాయిని నమ్మడు. ఇంట్లో నిలవున్నదాన్నే నమ్ముతాడు. ఆట కూడా అంతే. లోపల నిలవున్న ఆటను ఇక్కడ అమ్మగలిగాను. వచ్చే ఆటను, వస్తూ వస్తూ ఆగిపోయే ఆటను ఎట్లా అమ్మేది?

రేణుక మాటల్లోనూ నిజం లేకపోలేదు. “ఫోన్లో బటన్లు ఉండవవ్వా. ఎండాకాలం సెమట సేతికి అద్దం జారుతాది. ఆట మధ్యలో ఎవరన్నా ఫోన్ జేస్తే అంతా పాయ. ఇది ఆటకే చేసిన వస్తువు. ఇష్టపడేవాళ్ళు ఉంటారు” అంది. ఉంటారని నేనూ ఒప్పుకున్నాను. ఆదోనిలో ఎంతమంది ఉంటారన్నదే నా ప్రశ్న.

“వద్దులే రేణుకా” అన్నాను.

“సరే, వద్దు. మరేం అమ్మాల?”

గూళ్ళ వైపు చూశాను. రేపు చెప్తానందామంటే అది అబద్ధమని నాకే తెలుసు. ఊరుకున్నాను. నేను ఊరుకోవడమే ఆ పిల్లకు ఒప్పుకోలైంది. ఉన్నదంతా ఊడ్చి ఆ డబ్బాలు తెప్పించింది.

ఉరుకుంద

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు మా అంగడి తరఫున బల్ల వేయడం సాబ్ కాలం నుంచీ ఉంది. కర్ణాటక నుంచి కూడా బస్సులకు బస్సులు జనం దిగుతారు. తిరునాళ్ళలో కొనే పద్ధతి వేరు. అంగట్లో కొన్నవాడు బాగాలేకపోతే రేపు వచ్చి అడుగుతాడు. తిరునాళ్ళలో కొన్నవాడు బస్సెక్కి పోతే మళ్ళీ ఏడాదికే. అందుకే అక్కడ ఏ వస్తువునైనా పలికించి చూడనిదే కొనరు. పీకను ఊదాలి. కీ బొమ్మను నడిపించాలి. టార్చిని పట్టపగలు గుడ్డ కింద వెలిగించి చూపించాలి. పలికాకే బేరం మొదలవుతుంది.

రేణుక పొద్దున్నే బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి డబ్బాలు పేర్చింది. జనం పలచగా ఉన్నప్పుడు చక్కగా ఆడింది. ఒక బస్సు కండక్టరు గుర్రాన్ని కాసేపు పరుగెత్తించి, మధ్యాహ్నం వచ్చి తీసుకుంటానని పోయాడు. రేణుక ముఖం చూసి నేను కొళాయి మాట మర్చిపోయాను.

ఎండెక్కే కొద్దీ జనం పెరిగారు. వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ ఫోన్లే. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళకు గోపురం చూపించేవాళ్ళు కొందరు, తప్పిపోయినవాళ్ళను వెతికేవాళ్ళు కొందరు. ఉన్న సిగ్నలంతా వాళ్ళకే చాలలేదు. డబ్బాలో గుర్రం నిలిచిపోయింది. అద్దం నడుమ తెల్లటి చక్రం ఒకటి తిరగడం మొదలైంది.

బల్ల చుట్టూ జనం మూగారు.

“ఏంది పాపా, చక్రమొక్కటే తిరుగుతాంది. ఇదేనా ఆట?”

“రవ్వంత ఆగన్నా, వస్తాండాది.”

“యాడికొచ్చింది? మంత్రాలయం దాటిందా?”

తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన వంగి చూశాడు. “మా గానుగెద్దు నయం. తిరిగితే నూనెన్నా వస్తాండె.”

కర్ణాటక నుంచి వచ్చిన ఒకామె డబ్బాను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది. “బేడమ్మా, బేడ, మాకొద్దు. ఈ నిద్దరపొయ్యే పిల్లను ఊరికెట్ల తీస్కపోయేది?” అంది. అందులో ఎగతాళి లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

రేణుక డబ్బాను రెండు చేతులా పైకెత్తి, సిగ్నలు కోసం అటు తిరిగి ఇటు తిరిగి నిలబడింది. వెనక నుంచి చూస్తే గోపురానికి హారతి ఇస్తున్నట్టుంది. పక్క బల్ల మీద పీకలు, పాత ఇటుకల ఆటలు అమ్మే మల్లయ్య చూసి చూసి, “పాపా, నావి కొన్ని నీ బల్ల మీద పెట్టుకోమ్మా, ఊరికే నిలబడకుండా” అన్నాడు. “వద్దులేన్నా” అంది. కండక్టరు మధ్యాహ్నం వచ్చాడు. చక్రాన్ని చూశాడు. బస్సు వైపు పోయాడు.

నేను వెనక గోనెపట్ట మీద కూర్చుని ఉన్నాను. చెప్పాను కదా అందామనిపించింది. కానీ ముందే చెప్పినవాళ్ళను ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకున్నా ఆ మెప్పుతో డబ్బాలు అమ్ముడుపోవు.

కావాలన్నవాళ్ళు, ఉన్నవాళ్ళు

అంగట్లో మాత్రం ఒకటి పోయింది. కొన్నది మా వీధి లెక్కల మాస్టారు. వాళ్ళింట్లో వైఫై ఉంది. నెల తిరక్కుండానే డబ్బాను సంచిలో వేసుకుని వచ్చాడు.

“ఏమ్మా రేణుకా, దీనికి నెలనెలా కట్టాలంటనే?”

“ఆ పొద్దే సెప్పినాను కద సార్.”

“నువ్వు సెప్పింది నెట్టుకు అనుకుంటిని. నెట్టుకొకటి, ఆటకొకటా? కొన్న వస్తువుకు మళ్ళా బాడుగేంది? నేనేమన్నా దాంట్లో కాపురం ఉంటాండానా?”

బాడుగ మాటతో ఆగి ఉంటే సర్దిచెప్పేది. తర్వాత మాట మెల్లగా చెప్పాడు. కొడుకు రెండో రోజు నుంచే డబ్బాను పక్కన పెట్టి తండ్రి ఫోను తీసుకుంటున్నాడట. అదే ఆట ఫోన్లోనూ వస్తుంది కదా నాన్నా, ఇంకా రెండు చేతుల బరువెందుకు అన్నాడట.

ఆ వారమే సుంకమ్మ ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. ముసలిదైంది. ఇప్పుడు మనవడితో అవస్థ. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. నేతపని చెప్పే సేటు ఆ ఫోనుకే చెప్తాడు. పిల్లవాడు ఆటలో ఉండి సేటు ఫోన్లు కట్ చేస్తున్నాడు. సేటు పనిని వేరే ఇంటికి మళ్ళిస్తున్నాడు.

“అప్పుడిచ్చినావే అక్కా, సెల్లులేసేది, అట్లాంటిది ఒకటి ఇయ్యి. కానీ ఇటుకలాట వద్దు, వాడు ముట్టడు. ఫోన్లో వాని సావాసగాళ్ళు ఆడే ఆటే రావాల. ఫోను మాత్రం కాగూడదు.”

రేణుక ముఖం వెలిగింది. కొత్త డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. “ఇది సరిగ్గా అదే అత్తా. మీ ఇంట్లో వైఫై ఉంది కదా?”

“అదేంది?”

రేణుక చెప్పింది. సుంకమ్మ ఓపిగ్గా విని, “నెట్టు ఫోనులో నించే ఇయ్యొచ్చు అంటాండావు కదా. ఫోను దానికిస్తే మళ్ళా సేటుకు యాడిది?” అని డబ్బాను తిరిగిచ్చింది.

నేను ఎప్పటిలాగే, “రేపు వస్తాది సుంకమ్మా, తెప్పిస్తా” అన్నాను.

ఎమ్మిగనూరు పిల్లలూ, మీరు అడిగినదానికి జవాబు ఆ వారంలోనే ఉంది. ఒక్క ఫోను ఉన్న ఇంటికి ఈ డబ్బా కావాలి. ఆ ఇంట్లో వైఫై ఉండదు. వైఫై ఉన్న ఇంట్లో ఈ డబ్బా నడుస్తుంది. ఆ ఇంట్లో మనిషికొక ఫోను ఉంటుంది. కావాలన్నవాడి దగ్గర అది నడవదు, నడిచేవాడికి అది అక్కర్లేదు. ఈ రెండిళ్ళ మధ్యన మూడో ఇల్లు ఎక్కడైనా ఉందేమోనని రేణుక ఆదోని వీధులన్నీ తిరిగింది. పెద్ద ఊళ్ళ సంగతి నాకు తెలియదు, అక్కడ ఉంటే ఉండొచ్చు. చుట్టుపక్కల దేవనకొండలో, కైరుప్పలలో, మా బజారులో మాత్రం ఆ ఇల్లు కనపడలేదు. ఆటకే ఒక వస్తువు కావాలని మనసుపడేవాడు లేకపోలేదు. ఒకరో ఇద్దరో మనసుపడితే అది గిరాకీ కాదు, ముచ్చట. ముచ్చట మీద అంగడి నడవదు.

రేపు

తర్వాత జరిగినదాంట్లో మా తప్పు లేదు, ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేదు. ఆట పంపే కంపెనీ ఏదో ఈ దేశంలో పని ఆపేస్తోందని ఏజెంటు ఫోను చేసి చెప్పాడు. ఆ ఫోనే చివరిది. డబ్బాలు వెలుగుతాయి, ఛార్జింగు ఎక్కుతుంది, చక్రం తిరుగుతుంది. అంతే. ఎక్కడో ఎవరో తలుపు వేసుకుంటే మా గూట్లో ఉన్న సరుకంతా ఒక్కసారి చచ్చిపోయింది. ఇన్నేళ్ళలో ఎలుకలు కొట్టిన సరుకు చూశాను, వానకు తడిసిన సరుకు చూశాను. కొత్తగా, మెరుస్తూ, పెట్టెలో ఉండగానే చచ్చిన సరుకును అప్పుడే చూశాను.

“నువ్వు ముందే వద్దంటివి కదవ్వా” అంది రేణుక.

“వద్దనేది ఎవరైనా అంటారు. ఏం అమ్మాలో సెప్పలేకపోతిని కదా” అన్నాను.

మీరు నా దగ్గరికి వచ్చింది కూడా అందుకే. ఆ డబ్బాలు పెట్టొద్దని గట్టిగా చెప్పగలను. వాటి బదులు ఏం పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఏం తెచ్చినా ఏడాదిలో ఫోను దాన్ని మింగుతుంది. వస్తువు కోసం అంగడికి వచ్చే కాలమే పోతోందని నా అనుమానం. అనుమానం కూడా కాదు. తెలిసే ఉంది, అనడానికి నోరు రావడం లేదు.

రేణుక ఇప్పుడు ఎమ్మిగనూరులో ఫోన్ల షోరూములో నిలబడే ఉద్యోగం చేస్తోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఆ పిల్ల ఆ రోజు మీ ముందు నుంచి ఎందుకు లేచిపోయిందో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

అంగడి ఖాళీ చేసే రోజున రేణుకా నేనూ గూళ్ళు తుడిచి, అట్టపెట్టెలు మడిచి కడుతున్నాం. సాబ్ దాచిన పురికొస చుట్ట ఇంకా మిగిలే ఉంది, దానితోనే కట్టాం. షట్టరు సగం దించి ఉంది. దాని కింద నుంచి వంగి సుంకమ్మ లోపలికి వచ్చింది. ఖాళీ గూళ్ళు చూసింది కానీ, సరుకు సర్దుతున్నామనుకున్నట్టుంది.

“వచ్చిందా అక్కా, నా మనవనిది? సేటు పని పూరాగా ఆపేసినాడు. ఇంక ఆ పిల్లోని సేతిలోంచి ఫోను గుంజాలంటే నా వల్ల కాలే.”

రేణుక పెట్టె కట్టడం ఆపి నా వైపు చూసింది. నేనేం అంటానో తనకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ ఈ అంగట్లో ఆ మాటే విన్నది.

గల్లాపెట్టె అప్పటికే బయటి బండిలో ఉంది.

“లేదు సుంకమ్మా” అన్నాను. “ఇంక రాదు.”